తెలిసిన చెవులు

జేబులో ఉన్న ఫోను ఊరికే పడి ఉంటుందని అందరూ అనుకుంటారు. ఊరికే ఉండదు. తెర మీద వేలు తగిలిందా, చార్జరు గుచ్చారా, పక్కన ఏదైనా పరికరం నేనొచ్చానంటోందా అని లోపల కొంత కోడ్ ఎప్పుడూ చెవి ఒగ్గి ఉంటుంది. ఏమీ జరగనప్పుడు కోడికునుకు తీస్తుంది. ఏదైనా జరగ్గానే లేచి, ఆ కబురు ఎవరికి కావాలో వాళ్ళకు అందించి, మళ్ళీ కళ్ళు మూసుకుంటుంది. ఇక్కడ చెప్పబోయే మనిషి జీతం తీసుకునేది ఆ కోడ్ రాయడానికే.

అందులో అతని వాటా ఒక చిన్న భాగం. వైరు లేని పరికరాలు వచ్చి తలుపు తట్టినప్పుడు లోపలికి రానివ్వాలా వద్దా అని తేల్చే భాగం. అందుకని ఆఫీసులో అతనికి గుమ్మం అని పేరు పడింది. మొదట చాటున అనేవారు. తర్వాత ఎదురుగానే గుమ్మం గారూ అని పిలవసాగారు. అతను అభ్యంతరం చెప్పలేదు. అభ్యంతరం చెబితే దాని మీద చర్చ జరుగుతుంది. చర్చలంటే అతనికి పడదు.

గుమ్మం ఉండేది పెద్దమ్మ ఇంట్లో. ఆవిడ పెళ్ళి చేసుకోలేదు. ఆడపిల్లల హాస్టలుకు వార్డెన్‌గా పనిచేసి రిటైరైంది. ముందుగది అతనికి అద్దెకిచ్చానని అందరితో చెబుతుంది. అద్దె మాత్రం తీసుకోదు. అద్దెకున్నవాళ్ళనైతే ఎప్పుడైనా ఖాళీ చేయమనవచ్చు, చెల్లెలి కొడుకును అనలేం కదా అని ఆవిడ లెక్క.

కొన్నేళ్ళుగా ఆవిడకు వినికిడి తగ్గుతూ వచ్చింది. ఎదురుగా కూర్చుని ఒక్కరే నిదానంగా మాట్లాడితే అందేది. ఇద్దరు ముగ్గురు కలిస్తే మాటలన్నీ ముద్దగా వినిపించేవి. డాక్టరు చెప్పగా చెప్పగా ఆఖరికి చెవి మిషన్లు కొనుక్కుంది. బఠాణీ గింజంత ఉన్నాయి. ఫోనుకు కలిపితే ఫోన్లో మాటలు నేరుగా చెవిలోనే పడతాయి. కలిపి ఇచ్చింది గుమ్మమే. ఆవిడ ఫోనుకు కలిపే ముందు, పనిచేస్తున్నాయో లేదో చూద్దామని తన ఆఫీసు ఫోనుకు ఒకసారి కలిపి చూశాడు. పనిచేశాయి. ఆ తర్వాత వాటి పేరు ఆఫీసు ఫోనులోంచి తీసెయ్యలేదు. తీసెయ్యాల్సిన అవసరం కనిపించలేదు.

ఆ రోజుల్లోనే అతని బృందం ఒక కొత్త సౌకర్యం తయారు చేస్తోంది. ఒకే ఫోనులో వచ్చే మాటను ఇద్దరు వినవచ్చు, ఇద్దరి చెవుల్లోనూ వేర్వేరు ఇయర్‌ఫోన్లు ఉన్నా సరే. పక్కపక్కన కూర్చుని ఇద్దరు ఒకే పాట వినడానికి బాగుంటుందని పైవాళ్ళ ఆలోచన. బయటికి ఇచ్చేలోపు లోటుపాట్లు తెలియాలని, రోజూ జరిగే మీటింగులన్నీ కొత్త వెర్షన్ వేసిన ఫోన్లలోనే వినాలని మేనేజరు హుకుం జారీ చేశాడు. గుమ్మం పొద్దుటి మీటింగుకు ముందుగదిలో కూర్చుని, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, ఆ ఆఫీసు ఫోనులోనే హాజరయ్యేవాడు.

పెద్దమ్మకు ఒక అలవాటుంది. పొద్దుటిపూట బీమా కావాలా అని ఎవరో ఒకరు ఫోను చేస్తారని ఆ కాసేపు ఫోను ఆపేస్తుంది. చెవి మిషన్లకు కూడా ఒక అలవాటుంది. తమ ఫోను పలకకపోతే, తెలిసిన ఫోను ఇంకేదైనా దగ్గర్లో ఉందా అని వెతుకుతాయి. ముందుగదిలో ఉంది. వెళ్ళి తలుపు తట్టాయి. గుమ్మం రాసిన కోడ్ మేలుకుని, వీళ్ళు మనకు తెలిసినవాళ్ళేనా అని చూసుకుంది. తెలిసినవాళ్ళే. రండి కూర్చోండి అంది.

పెద్దమ్మ అప్పుడు మధ్యగదిలో దుప్పటి ఇస్త్రీ చేస్తోంది. ఎవరో మగమనిషి గొంతు సవరించుకుని, అందరూ వచ్చినట్టేనా అని అడిగాడు. ఆవిడ కిటికీ వైపు చూసింది. ఎవరూ లేరు. ఇంకో గొంతు, కరెక్ట్ కరెక్ట్ అంది. ఒక ఆడగొంతు, నిన్న వాయిదా వేసిన విషయం ఇవాళ ఎందుకు చర్చించడం లేదని అడిగింది. అప్పుడు తలుపు అవతల నుంచి చెల్లెలి కొడుకు, అది రేపు చూద్దామండీ అనడం సన్నగా వినిపించింది. ఇంట్లో ఎన్నడూ వాడని మర్యాద ఆ గొంతులో ఉంది. దాంతో సంగతి ఏమిటో ఆవిడకు అర్థమైంది.

ఇంకొకరైతే వెంటనే వెళ్ళి చెప్పేవారు. ఆవిడ వార్డెన్. మాటలు వినిపించిన చోట కదలకుండా నిలబడటం ఆవిడకు ఉద్యోగం నేర్పిన విద్య. విన్నానని చెబితే పిల్లలు మాట్లాడే చోటు మారుస్తారు, అంతకుమించి ఏమీ జరగదు. ఇస్త్రీ పెట్టె చప్పుడు కాకుండా పక్కన పెట్టి, స్టూలు లాక్కుని కూర్చుంది.

మర్నాడు అదే సమయానికి ఫోను ఆపేసి చూసింది. మళ్ళీ వచ్చారు. ఆ తర్వాతి రోజు ఆపకుండా చూసింది. రాలేదు. ఇక అప్పటినుంచి బీమావాళ్ళతో సంబంధం లేకుండా, అలారం పెట్టుకుని మరీ ఫోను ఆపేయడం మొదలుపెట్టింది.

కొద్ది రోజుల్లోనే ఆ బృందం అంతా ఆవిడకు ఇంటి మనుషులైపోయారు. మేనేజరు ఏదైనా ఇష్టం లేని మాట చెప్పబోయే ముందు గొంతు సవరించుకుంటాడని కనిపెట్టింది. కరెక్ట్ గారు అందరికీ కరెక్ట్ అంటాడనీ, పని మాత్రం ఎవరికీ చేసిపెట్టడనీ తెలుసుకుంది. ఆవిడకు అందరికంటే నచ్చింది ఆ ఆడగొంతు. ఆ అమ్మాయి టెస్టరు. వీళ్ళు రాసిన కోడ్‌లో తప్పులు వెతకడం ఆమె పని. కాంట్రాక్టు మీద వచ్చింది. ప్రతిదానికీ ఎందుకు అని అడుగుతుందని బృందంలో ఆమెను ఎందుకమ్మ అంటారు.

ఒకరోజు ఎందుకమ్మ ఒక ఫిర్యాదు పెట్టింది. ఆమె ఫోనులో మాట్లాడుతుండగా, పక్కగదిలో ఉన్న ఆమె తమ్ముడి ఇయర్‌ఫోన్లు ఎవరూ పిలవకుండానే వచ్చి కలిశాయి. మాటలన్నీ అతనికి వినిపించాయి. ఎప్పుడో ఒకసారి కలిపిన పరికరాన్ని ఇప్పుడు అడగకుండా ఎందుకు రానిస్తున్నారని ఆమె ప్రశ్న. గుమ్మం తన బల్ల మీదున్న ఇయర్‌ఫోన్లతో ప్రయత్నించి చూశాడు. ఏమీ జరగలేదు. నా దగ్గర ఆ తప్పు రావడం లేదండీ, మీ ఫోనులో పాత సెట్టింగు ఏదో మిగిలి ఉంటుంది అని రాసి, ఫిర్యాదును మూసేశాడు. ఆమె మళ్ళీ తెరిచింది. అతను మళ్ళీ మూసేశాడు. రిలీజు దగ్గర పడుతోందని మేనేజరు, మూసినందుకు సంతోషించాడు. కరెక్ట్ గారు కరెక్ట్ అన్నాడు.

ఇదంతా పెద్దమ్మ మధ్యగదిలో కూర్చుని వింటూనే ఉంది. ఫోను సంగతులు ఆవిడకు తెలియవు గానీ, తన దగ్గర రావడం లేదని చెల్లెలి కొడుకు చెబుతున్నది అబద్ధమని మాత్రం తెలుసు. ఆ తప్పు అతని దగ్గరే, గోడకు ఇవతల, స్టూలు మీద కూర్చుని ఉంది.

ఆ రోజే చెప్పాల్సింది. చెప్పలేదు. రేపు చెబుదామనుకుంది. కొత్త వెర్షన్ వేశాక బ్యాటరీ త్వరగా అయిపోతోందట, రేపు మీటింగులో ఆ సంగతి తేలుతుందన్నారు, అది విన్నాక చెబుదామనుకుంది. బ్యాటరీ సంగతి వాయిదా పడింది. ఆవిడ కూడా వాయిదా వేసింది.

అలా ఉండగా ఒకనాడు మీటింగు అయిపోయి అందరూ వెళ్ళాక మేనేజరు గుమ్మాన్ని ఒక్కడినీ ఉండమన్నాడు. గొంతు సవరించుకున్నాడు. ఎందుకమ్మ కాంట్రాక్టు ఈ నెలతో అయిపోతోందనీ, పొడిగించాలా వద్దా అని ఆలోచిస్తున్నాననీ, ప్రతిదానికీ అడ్డం పడుతోందనీ, ఆమె ఫిర్యాదుల్లో సగం గుమ్మమే మూసేశాడు కాబట్టి అతని మాటకు విలువిస్తాననీ చెప్పాడు. తలుపు అవతల నుంచి గుమ్మం గొంతు వినిపించింది. నేనేమంటాను సార్, మీ ఇష్టం అన్నాడు.

పెద్దమ్మ స్టూలు మీంచి లేచింది. వెళ్ళి ముందుగది తలుపు తోసి నిలబడింది. గుమ్మం చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తీస్తున్నాడు.

"ఆ పిల్లని తీసెయ్యొద్దని చెప్పు" అంది.

"ఏ పిల్ల, పెద్దమ్మా?"

"ఎందుకు ఎందుకు అని అడుగుతుందే, ఆ పిల్ల. ప్రతిదానికీ అడ్డం పడుతోందట కదా. పడనీ. జీతమిచ్చేది దానికేగా."

గుమ్మం చేతిలోని ఇయర్‌ఫోన్ల వైపు చూశాడు. స్పీకరు పొరపాటున ఆన్ చేశానేమోనని ఫోను చూశాడు. లేదు.

"ఇంకో మాట. మీ మేనేజరు గొంతులో ఏదో ఉంది. డాక్టరుకి చూపించుకోమను" అంది పెద్దమ్మ.

తర్వాత ఆవిడ నిదానంగా, ఏదీ దాచకుండా, ఏ రోజు ఎవరు ఏమన్నారో చెప్పింది. గుమ్మం నమ్మలేకపోయాడు. నమ్మకపోవడం కుదరనంత వివరంగా చెప్పింది. ఆఖరికి అతను ఆవిడను లోపలి గదిలో కూర్చోబెట్టి, తలుపులు రెండూ మూసి, ముందుగదికి వచ్చి, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, ఫోనులో వార్తలు పెట్టాడు. బయటికి ఈగ వాలిన చప్పుడంత కూడా రావడం లేదు. కాసేపటికి లోపలి నుంచి పెద్దమ్మ గొంతు వచ్చింది.

"రేపటి నుంచి వానలట. బట్టలు ఇవాళే ఆరేస్తాను."

గుమ్మానికి మొదట కలిగింది సంతోషం. ఇది చెప్పుకోవడానికి బాగుండదు గానీ నిజం. దొరకని తప్పు దొరికితే ఆ పనిలో ఉన్నవాళ్ళకు అలాగే ఉంటుంది. వచ్చింది, నా దగ్గర కూడా వచ్చింది అనుకున్నాడు. ఆ సంతోషం కుర్చీలో కూర్చునేదాకా ఉంది. కూర్చున్నాక, ఎందుకమ్మకు తను రాసిన జవాబులు గుర్తొచ్చి చెవులు వేడెక్కాయి.

కంప్యూటరు తెరిచి తన కోడ్ చూసుకున్నాడు. పెద్దగా వెతకాల్సిన పని పడలేదు. తలుపు తట్టింది తెలిసినవాళ్ళా అని కోడ్ అడుగుతోంది. తెలిసినవాళ్ళయినా ఇప్పుడు, ఈ మాటలు వినడానికి పిలిచామా అని అడగడం లేదు. తన ఇయర్‌ఫోన్లతో ప్రయత్నించినప్పుడు ఎందుకు రాలేదో కూడా అర్థమైంది. అవి అప్పటికే లోపల ఉన్నాయి. లోపలున్నవాళ్ళు తలుపెందుకు తడతారు?

పెద్దమ్మ బట్టలు ఆరేసి వచ్చేదాకా ఆగి, ఇది ఎన్నాళ్ళుగా జరుగుతోందని అడిగాడు.

"ఎండలు ముదరక ముందు నుంచి."

"మరి నాకు చెప్పలేదేం?"

"చెబితే ఆపేస్తావు కదరా."

ఆవిడ ఖాళీ బుట్ట కింద పెట్టి అతని ఎదురుగా కూర్చుంది.

"నలుగురు మాట్లాడుకుంటుంటే ఎవరేమన్నారో నాకు తెలిసి చాలా ఏళ్ళయింది. వాళ్ళు నవ్వితే నవ్వుతాను. నా వైపు చూస్తే తల ఊపుతాను. అంతే. మీ వాళ్ళ మాటలు మాత్రం ఒక్కటి కూడా జారిపోలేదు. సగం నాకు అర్థం కాలేదనుకో. అయినా ఎవరు ఎవరిని పొడిచారో తెలిసింది."

"ఇప్పుడు నిజంగానే ఆపేయాల్సి వస్తుంది, పెద్దమ్మా."

"ఆపు. అది తెలిసే వచ్చి చెప్పాను."

గుమ్మం మొట్టమొదట ఎందుకమ్మకు ఫోను చేశాడు. మీరు చెప్పింది నిజమేనండీ, నా దగ్గరా వస్తోంది, చాలా రోజులుగా వస్తోంది అన్నాడు. ఆమె, తెలిసీ ఎందుకు మూసేశారని అడిగింది. తెలియక మూశానని చెప్పాడు. సరిగ్గా చూడకుండానే తెలియదని ఎందుకు రాశారని అడిగింది. తప్పు తనదేనన్నాడు. ఆమె సరే అని, ఫిర్యాదు మళ్ళీ తెరవండి, ఈసారి మీ పేరుతో తెరవండి అంది. తెరిచాడు. ఎలా బయటపడింది అనే చోట మా పెద్దమ్మ విన్నారు అని రాశాడు.

ఆ ఒక్క వాక్యం సాయంత్రానికల్లా పైదాకా వెళ్ళింది. కంపెనీ లోపలి మాటలు బయటి మనిషి విన్నదంటే చిన్న విషయం కాదు. భద్రత చూసే అధికారి పెద్దమ్మను ఆఫీసుకు తీసుకురమ్మన్నాడు. గుమ్మం భయపడుతూ ఇంటికొచ్చి చెప్పాడు. ఆవిడ ఇస్త్రీ చీర కట్టుకుని, వార్డెన్‌గా ఉన్నప్పటి పాత చేతిగడియారం పెట్టుకుని, చెప్పిన వేళకంటే ముందే తయారైంది.

అది కిటికీలు లేని గది. పొడవాటి బల్ల, నీళ్ళ గ్లాసులు, గోడకు పెద్ద తెర. భద్రతాధికారి, మేనేజరు, కరెక్ట్ గారు, ఎందుకమ్మ ఉన్నారు. ఎవరినీ ఎవరూ పరిచయం చేయలేదు. ఒక్కొక్కరు నోరు విప్పగానే పెద్దమ్మ, మీరా అన్నట్టు తల పంకించింది. ఎందుకమ్మ నమస్కారమండీ అన్నప్పుడు మాత్రం లేచి వెళ్ళి ఆమె పక్క కుర్చీలో కూర్చుంది.

అధికారి చాలా మర్యాదగా మొదలుపెట్టాడు. ఏమేం విన్నారని అడిగాడు.

"అన్నీ విన్నాను బాబూ."

"ఎవరితోనైనా చెప్పారా?"

"ఎవరితో చెబుతాను? చెప్పినా ఎవరికీ అర్థం కాదు. మీకు కావాలంటే చెబుతాను. ఆ బ్యాటరీ సంగతి ఇన్నిసార్లు వాయిదా వేశారే, అది ఎప్పుడు తేలుస్తారు?"

అధికారి మేనేజరు వైపు చూశాడు. బ్యాటరీ సంగతి ఒకటుందని ఆయనకు అప్పటిదాకా తెలియదు. మేనేజరు గొంతు సవరించుకుని, త్వరలోనే చూస్తున్నామన్నాడు. పెద్దమ్మ అతని వైపు తిరిగింది.

"పని మాటలు కాకుండా ఒకటి రెండు సొంత మాటలు కూడా చెవిన పడ్డాయి. హాస్టల్లో అయితే అలాంటివి మరిచిపోయేదాన్ని. ఇవి కూడా మరిచిపోతున్నాను" అంది.

బెదిరింపు లేదు, ఎత్తిపొడుపు లేదు. నిజంగానే మరిచిపోబోతున్న మనిషి చెప్పినట్టు చెప్పింది. మేనేజరు నీళ్ళు తాగాడు. అప్పుడు గుమ్మం, ఎవరూ అడగకుండానే మాట్లాడాడు. ఈ తప్పు పట్టుకున్నది టెస్టరు గారేననీ, తాను చూడకుండా మూసేశాననీ, ఆమె కాంట్రాక్టు గురించి తనను అడిగినప్పుడు మీ ఇష్టం అన్నాననీ, ఇప్పుడు తన ఇష్టం కూడా చెబుతున్నాననీ, ఆమెను ఉంచాలనీ అన్నాడు. ఇంత పొడుగ్గా అతను మాట్లాడగా ఆ గదిలో ఎవరూ వినలేదు. కరెక్ట్ గారు అలవాటు ప్రకారం కరెక్ట్ అన్నాడు. ఈసారి దానివల్ల ఒక ఉపయోగం కలిగింది. అధికారి దాన్ని బృందం అభిప్రాయంగా రాసుకున్నాడు.

కాంట్రాక్టు పొడిగించారు. ఎందుకమ్మ ఎవరికీ కృతజ్ఞతలు చెప్పలేదు. చెప్పాల్సిన అవసరమేముందో ఆమెకు అర్థం కాలేదు.

గుమ్మం కోడ్ మార్చాడు. ఇప్పుడు ఏ పరికరం వచ్చి తట్టినా, ఎంత తెలిసినదైనా, ఫలానా వాళ్ళు వినాలనుకుంటున్నారు, రానివ్వాలా అని తెర మీద ఒక పెట్టె కనిపిస్తుంది. ఔను, వద్దు అని కింద రెండు గుర్తులు. మార్చిన వెర్షన్ మొదట తన ఫోనులోనే వేసుకున్నాడు. మర్నాడు పొద్దున మీటింగు మొదలవగానే పెట్టె వచ్చింది. పెద్దమ్మ చెవి మిషన్లు వినాలనుకుంటున్నాయి. అతను వద్దు అని నొక్కాడు. ఆ రోజు మీటింగులో ఎవరేమన్నారో అతనికి సరిగ్గా ఎక్కలేదు. మధ్యగదిలోంచి ఇస్త్రీ పెట్టె చప్పుడు వినిపిస్తూనే ఉంది.

మర్నాడు కూడా పెట్టె వచ్చింది. ఆ మర్నాడు రాలేదు. వెళ్ళి చూస్తే పెద్దమ్మ ఫోను ఆన్‌లోనే ఉంది. ఎవరో బీమా అమ్మే మనిషితో ఆవిడ చాలాసేపు మాట్లాడుతోంది.

ఆ వారంలోనే ఎందుకమ్మ మీటింగులో ఒక ప్రశ్న వేసింది. చెవి మిషన్ల కోసం ఇంత కోడ్ రాస్తున్నారు కదా, వాటిని పెట్టుకునే మనిషి ఒక్కరు కూడా మన పరీక్షల్లో ఎందుకు లేరు? గుమ్మం, మా పెద్దమ్మను అడగనా అన్నాడు. పెద్దమ్మను అడిగితే, రావచ్చు గానీ ఎవరైనా తనకు కుర్చీ వేసి పక్కన కూర్చోబెట్టి ఊరుకుంటే మాత్రం రానంది.

అలా ఆవిడకు ఫొటో ఉన్న కార్డు ఒకటి ఇచ్చారు. కొన్ని రోజులు ఎందుకమ్మతో కలిసి పరీక్షలు చేసింది. బల్ల చుట్టూ అందరూ కూర్చుని మాట్లాడితే, మధ్యలో పెట్టిన ఫోను ఆ మాటలను ఆవిడ చెవుల్లోకి పంపుతుంది. అందరూ ఒకేసారి మాట్లాడొద్దని ఆవిడ మొదటిరోజే చెప్పింది. మేనేజరు కూడా చెయ్యెత్తి మాట్లాడసాగాడు. పరీక్షలన్నీ అయ్యాక ఆవిడ తన అభిప్రాయం ఒక్క ముక్కలో చెప్పింది. చెవిలో గరగర వస్తోంది.

రిలీజు తేదీ అప్పటికే బయట ప్రకటించేశారు. యంత్రాలు పెట్టి కొలిస్తే గరగర ఏమీ కనిపించలేదు. మేనేజరు గుమ్మాన్ని పక్కకు పిలిచి, మీ పెద్దమ్మగారికి ఒక మాట చెప్పి చూడండి, ఇది మూసేద్దాం అన్నాడు.

"చెప్పలేను సార్" అన్నాడు గుమ్మం.

"మీకు వినిపించిందా గరగర?"

"నాకు వినిపించలేదు సార్. ఆవిడకి వినిపిస్తోంది. మూసెయ్యను."

రిలీజు వెనక్కి జరిగింది. పైవాళ్ళు కోప్పడ్డారు. ఎందుకమ్మ, గుమ్మం కలిసి వెతకగా వెతకగా తెలిసిందేమిటంటే, ఒక చెవికీ రెండో చెవికీ మాట కొంచెం అటూ ఇటూగా చేరుతోంది. కొలిచే యంత్రానికి ఒకటే చెవి ఉంది. అందుకే దానికి తెలియలేదు. సరిచేశాక పెద్దమ్మ మళ్ళీ విని, ఇప్పుడు బాగుందంది. అంతకుమించి పొగడలేదు.

కొత్త వెర్షన్ బయటికొచ్చిన రోజు ఆదివారం. పెద్దమ్మ ముందుగదిలోకి వచ్చి, అందులో ఏమేం మారాయో రాసిన పేజీని తన ఫోనులో చివరిదాకా చదివింది. పాటలు పంచుకోవడం గురించి పైన చాలా రాశారు. అన్నిటికంటే అడుగున, వినికిడి పరికరాలకు సంబంధించి చిన్న మెరుగుదలలు అని ఒక్క వాక్యం ఉంది.

"చిన్నవా?" అంది.

"అలాగే రాస్తారు, పెద్దమ్మా."

ఆవిడ కళ్ళజోడు సరిచేసుకుని ఆ వాక్యం ఇంకోసారి చదివింది. తర్వాత కొత్త వెర్షన్ వేయమని తనే నొక్కింది. ఫోను తెర నల్లబడింది. అది మళ్ళీ వెలిగేదాకా ఇద్దరూ దాన్నే చూస్తూ కూర్చున్నారు.